తాతల నాటి యుద్ధ కాగితాలు, తోట కాగితాలు: ఇంట్లో భద్రపరచి చదువుకునే విధానం

చెన్నైలో రెండు మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళలో, ముఖ్యంగా పెరంబూరు, వ్యాసర్పాడి, రాయపురం వైపు ఉన్న పాత ఇళ్ళలో, అటక మీద ఒక రేకుపెట్టె, అందులో గుడ్డలో చుట్టిన కాగితాల కట్ట ఉండడం అరుదేమీ కాదు. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన డిశ్చార్జి సర్టిఫికెట్టు, రిబ్బను వెలిసిపోయిన రెండు పతకాలు, మలయా (నేటి మలేషియా ద్వీపకల్పం) రబ్బరు తోట నుంచో రంగూను నుంచో వచ్చిన ఉత్తరాలు, మనియార్డరు కూపన్లు, ఒక ఓడ టిక్కెట్టు, ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టలేని మనుషులున్న ఒక ఫొటో అందులో ఉంటాయి. భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఇటువంటి కట్టలు మంటల్లోకో, పాత పేపర్ల కొట్టుకో పోతున్నాయి. మీ ఇంట్లో అటువంటి కట్ట మిగిలి ఉంటే దాన్ని ఏ వరుసలో విప్పాలో, ఎలా దాచాలో, ఎలా చదవాలో, మా తాతగారి పెట్టెతో మూడేళ్ళు కూర్చుని నేర్చుకున్నంత మేరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఈ కాగితాలలో ఎక్కువ భాగం మన పెద్దలు వ్రాసినవి కావు. దొర, తోట గుమాస్తా, రెజిమెంటు క్లర్కు, వలస శాఖ ఉద్యోగి తమ అవసరం కోసం మన పెద్దల గురించి వ్రాసుకున్నవి. వాటిలో మన తాత ఒక నంబరు, ఒక తండ్రి పేరు, ఒక పుట్టుమచ్చ, ఒక వేలిముద్ర. ఆయన ఎందుకు వెళ్ళాడో, వెళ్ళాక ఇల్లు ఎలా గడిచిందో ఆ కాగితంలో ఉండదు. దాని పక్కన దాచిన మరో కాగితంలోనో, వెనుకవైపు పెన్సిలుతో వేసిన లెక్కలోనో, వాటిని కలిపి కట్టిన తీరులోనో ఉంటుంది. అందువల్ల కాగితాన్ని ఎంత జాగ్రత్తగా కాపాడతామో, అది ఏ కాగితాల మధ్య దొరికిందన్న సంగతిని కూడా అంతే జాగ్రత్తగా కాపాడుకోవాలి.

కట్ట విప్పే ముందు

మొట్టమొదట పెట్టె మూత తీసి, ఏదీ కదపకుండా, పైనుంచి ఫొటో తీయండి. తరువాత ఒక్కొక్క కట్టనూ బయటికి తీసి, విప్పకముందు ఒకటి, విప్పుతూ ఉండగా పొర పొరకూ ఒకటి ఫొటో తీసుకోండి. ప్రతి కట్టకూ ఒక సంఖ్య, కట్టలో పైనుంచి కిందికి ప్రతి కాగితానికీ ఒక సంఖ్య ఇచ్చి, ఆ వరుసను ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. కాగితం మీద సంఖ్య వేయవలసివస్తే మెత్తని పెన్సిలుతో, వెనుక మూలలో, చిన్నగా వేయాలి. పెన్ను, స్టిక్కరు, రబ్బరు ముద్ర ఎప్పుడూ వాడకూడదు.

ఈ మాట ఇంతగా నొక్కి చెప్పడానికి కారణం నేను చేసిన తప్పే. పెట్టె నా చేతికి వచ్చిన మొదటి ఆదివారమే ఉత్తరాలన్నీ ఒకచోట, రసీదులన్నీ ఒకచోట, సైన్యం కాగితాలన్నీ ఒకచోట చేర్చి, ఎంతో చక్కగా సర్దాననుకున్నాను. మా తాతగారు యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. ఆయన అన్నగారు, అంటే మా పెద్దతాతగారు, అంతకు చాలా ముందే మలయాలోని పెరాక్‌లోని తోటకు వెళ్ళిపోయారు. నేను సర్దడానికి ముందు రోజు మా పిన్నిగారి అబ్బాయి సరదాకి తీసిన ఒక ఫొటోలో, పెద్దతాతగారు పంపిన మనియార్డరు కూపన్లు, మా నాయనమ్మ నగలు తాకట్టు పెట్టిన చీటీలు ఒకే నూలుపోగుతో కట్టి ఉన్నాయి. ఆ రెండింటి తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తేగాని, తోట నుంచి వచ్చిన ప్రతి సొమ్మూ తాకట్టు విడిపించడానికే పోయిందని మాకు తెలియలేదు. ఆ ఫొటో లేకపోయి ఉంటే, ఆ సంగతిని నా చేతులతో నేనే చెరిపివేసినవాణ్ణి అయ్యేవాణ్ణి.

శుభ్రం చేయడం, దాచడం

చెన్నై గాలిలోని తేమ కాగితానికి మొదటి శత్రువు. రెండవది వెండిచేప అనే పురుగు. మూడవది మనం ప్రేమకొద్దీ చేసే మరమ్మత్తు. కడిగి, తుడిచి ఆరబెట్టుకున్న చేతులతో కాగితాలను పట్టుకోండి. ఫొటోలకు, పతకాలకు మాత్రం చేతితొడుగులు వేసుకోవడం మంచిది. దుమ్మును మెత్తని కుంచెతో, కాగితం మధ్య నుంచి అంచులవైపు దులపాలి, తడిగుడ్డ తాకించకూడదు. తుప్పుపట్టిన గుండుసూదులను, స్టేపులర్ పిన్నులను, క్లిప్పులను లాగకుండా, కాగితానికీ పిన్నుకూ మధ్య పలుచని కార్డు ముక్క దూర్చి మెల్లగా విడదీయాలి. ఆ పిన్ను ఏయే కాగితాలను కలిపి ఉంచిందో నోటుపుస్తకంలో వ్రాయడం మరవకండి.

సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు కొన్నేళ్ళకు గోధుమరంగు మచ్చగా మారి అక్షరాలను మింగేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. మా తాతగారి సర్టిఫికెట్టు ఒకదానిని, అది చిరిగిపోతుందన్న భయంతో, మా ఇంటివారే ఎప్పుడో ఒక దుకాణంలో లామినేషన్ చేయించారు. వేడికి కరిగి అంటుకున్న ఆ ప్లాస్టిక్కును ఇప్పుడు కాగితం చెడకుండా తీయడం సాధ్యం కావడం లేదు, లోపల కాగితం మాత్రం ఏటికేడు పసుపెక్కుతోంది. మడత దగ్గర చిరిగిన కాగితాన్ని అలాగే రెండు తెల్ల కాగితాల మధ్య ఉంచి, గట్టి అట్ట మీద పడుకోబెట్టి దాచితే చాలు.

ఆమ్లం లేని కాగితంతో చేసిన ఫోల్డర్లు దొరికితే అవే శ్రేష్ఠం. దొరకనప్పుడు నూలుగుడ్డ పీలికలతో చేసిన చేతికాగితం బాగా పనికివస్తుంది. జార్జిటౌనులోని ఆండర్సన్ వీధి కాగితపు దుకాణాలలో అడిగి చూడవచ్చు; వార్తాపత్రికల కాగితం, గోధుమరంగు కవర్లు మాత్రం వాడకండి. ఫొటోలకు పాలియెస్టర్ తొడుగులు వాడవచ్చు గాని, మెత్తగా ఉండి ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ ఆల్బములు వాడకూడదు. నాఫ్తలీన్ ఉండలు కాగితాన్ని తాకేలా వేయవద్దు. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వాటిని నెలకొకసారి మార్చాలి. పెట్టెను నేలమీద గాని, స్నానాలగది గోడకు ఆనించి గాని, మేడపై ఎండకు కాలే గదిలో గాని ఉంచకండి. 2015 డిసెంబరు వరదలలో కింది అంతస్తుల ఇళ్ళలో నేలమీదున్న పెట్టెల గతి ఏమైందో ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. కాగితాలు తడిసిపోతే ఎండలో పరచకూడదు. నీడలో, ఫ్యాను గాలికి, మధ్య మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఆరబెట్టాలి. రెండు రోజులలో ఆరబెట్టలేనన్ని ఉంటే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజరులో పెడితే బూజు పట్టకుండా ఆగుతాయి. తరువాత తీరికగా కొన్ని కొన్నిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. ఒకదానికొకటి అతుక్కున్న ఫొటోలను బలవంతంగా విడదీయకండి.

పతకాలను చింతపండుతోగాని, పాలిష్‌తోగాని తోమకండి. అంచున చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి, ఆ అక్షరాలే మనకు కావలసినవి.

నకలు తీసేటప్పుడు స్కానరు ఉంటే వ్రాతకు 300 డీపీఐ, ఫొటోలకు 600 డీపీఐ చాలు. స్కానరు లేకపోతే కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోనును కాగితానికి సమాంతరంగా పట్టి తీయండి. వెనుకవైపు ఖాళీగా కనిపించినా దానిని కూడా తీయాలి. కవరును, తపాలా ముద్రను, బిళ్ళను కూడా తీయాలి. ఫైలు పేరులో కట్ట సంఖ్య, కాగితం సంఖ్య, ముందా వెనుకా అన్నది ఉంటే చాలు. ఒక నకలు ఇంట్లో, ఒకటి వేరే ఊరిలోని బంధువుల దగ్గర, ఒకటి ఆన్‌లైన్ నిల్వలో ఉంచుకోండి.

సైనికుని కాగితాలు చదవడం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు. వారిలో తుపాకి పట్టినవారితో సమానంగా రోడ్లు వేసినవారు, లారీలు నడిపినవారు, వంతెనలు కట్టినవారు, ఆసుపత్రులలో పనిచేసినవారు ఉన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి చేరినవారిలో చాలామంది ఇటువంటి దళాలలోనే ఉన్నారు. కనుక డిశ్చార్జి సర్టిఫికెట్టులో మొదట చూడవలసింది హోదాను కాదు, దళం పేరును, సైనిక సంఖ్యను. దళం పేరు పొడి అక్షరాలలో ఉంటుంది: ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే సరుకులు, రవాణా చూసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, ఐ.ఇ. అంటే ఇండియన్ ఇంజినీర్స్, ఐ.పి.సి. అంటే ఇండియన్ పయనీర్ కోర్; ఐ.ఎ.ఎం.సి. అంటే 1943లో ఏర్పడిన ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్. పనిచేసిన ప్రాంతం కూడా ఇలాగే క్లుప్తంగా ఉంటుంది. ఎం.ఇ.ఎఫ్. అంటే ఈజిప్టు, దాని చుట్టుపక్కల రంగం, పైఫోర్స్ అంటే పర్షియా, ఇరాక్, సి.ఎం.ఎఫ్. అంటే ఇటలీ వైపు. సీయాక్ అంటే బర్మా మొదలైన ఆగ్నేయాసియా రంగం.

విడుదలకు కారణం వ్రాసిన గడిని శ్రద్ధగా చదవండి. "సిబ్బంది తగ్గింపు" అన్న అర్థం వచ్చే మాట ఉంటే యుద్ధానంతరం లక్షల మందిని ఇంటికి పంపినప్పుడు ఆయన కూడా వచ్చారని అర్థం. "ఇన్‌వాలిడెడ్" అని ఉంటే రోగంవల్లనో గాయంవల్లనో పంపారని అర్థం, అప్పుడు వైద్య కాగితాలు వేరుగా ఉండే అవకాశం ఉంది. "సేవలు ఇక అవసరం లేదు" అన్న మాట చూసి అవమానపడవలసిన పనిలేదు. అది ఆఫీసు భాష. యుద్ధకాలంలో చేరి యుద్ధం ముగియగానే విడుదలైనవారిలో చాలామందికి పింఛను రాలేదు, కనుక పింఛను కాగితం లేనంతమాత్రాన సేవ లేదని అనుకోకూడదు. ఎత్తు, ఛాతీ కొలత, గుర్తింపు మచ్చలు, ఊరు, తాలూకా, జిల్లా అన్నీ ఎత్తి వ్రాసుకోండి. ఊరి పేరు తప్పుగా ఉన్నా తాలూకా సరిగా ఉంటే తరువాత దిద్దుకోవచ్చు. "తెలింగా" అన్న మాట కనిపిస్తే అది తెలుగువారికి పాత సైన్యం వాడుకలో ఉన్న పేరు.

పతకాలు కూడా కాగితాలవలెనే చదవవలసినవి. భారత సైనికులకు ఇచ్చిన పతకాలలో చాలావాటిపై నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. గుండ్రని పతకానికి అంచున, నక్షత్రాకారపు పతకానికి వెనుక, ఏటవాలు వెలుతురులో భూతద్దం పెట్టి చూడండి. బర్మా స్టార్ ఉంటే 1941 డిసెంబరు 11 తరువాత ఆ రంగంలో ఉన్నారని, ఆఫ్రికా స్టార్ ఉంటే 1943 మే 12లోగా ఉత్తర ఆఫ్రికా రంగంలో ఉన్నారని, ఇండియా సర్వీస్ మెడల్ ఉంటే కనీసం మూడేళ్ళు దేశంలోనే పనిచేశారని గ్రహించవచ్చు. 1947 నాటి స్వాతంత్ర్య పతకం ఉంటే ఆ ఆగస్టు 15న ఆయన ఇంకా సైన్యంలోనే ఉన్నారు. పెట్టె మరింత పాతదై, మొదటి ప్రపంచ యుద్ధపు పతకం దొరికితే, లోహాన్ని చూడండి: బ్రిటిష్ వార్ మెడల్‌ను పోరాడే సైనికులకు వెండితోను, వంటవారు, నీళ్ళు మోసేవారు, కూలీ దళాలవారికి కంచుతోను ఇచ్చారు. మన ఊళ్ళ నుంచి వెళ్ళిన ఎందరో పేదవారికి దక్కింది ఆ కంచు పతకమే. అది చిన్నదని పక్కన పడవేయకండి.

ఉత్తరాలలో ఊరి పేరు ఉండదు, సెన్సారు ఉండనివ్వలేదు. దానికి బదులు తపాలా ముద్రలో ఎఫ్.పి.ఓ. అని, పక్కన ఒక సంఖ్య ఉంటుంది. అది ఫీల్డ్ పోస్టాఫీసు సంఖ్య. ఏ సంఖ్య ఏ తేదీన ఎక్కడ ఉండేదో తపాలా బిళ్ళల సేకర్తలు జాబితాలు కట్టారు. ముద్రలోని సంఖ్యను, తేదీని పట్టుకుంటే "ఇక్కడ చలి బాగా ఉన్నది" అన్న వాక్యం ఏ దేశపు చలి గురించో తేలుతుంది.

తోట కాగితాలు చదవడం

మలయాకు తెలుగువారు విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి, కొంతమంది చిత్తూరు వైపు నుంచి వెళ్ళారు. దిగువ పెరాక్‌లో బగాన్ దాతో వైపు తోటలలో వారు గుంపులుగా ఉన్నారు. కూలీలను తీసుకుపోయే విధానాన్ని మలయాలో కంగాణి పద్ధతి అని, బర్మాలో మేస్త్రి పద్ధతి అని అన్నారు. తోటలో కూలీలపై మేస్త్రిగా పనిచేసే కంగాణికి లైసెన్సు ఇచ్చి సొంత ఊరికి పంపితే, అతడు తన బంధువులను, ఇరుగుపొరుగువారిని కూడగట్టి మద్రాసుకు తెచ్చేవాడు. అక్కడ ఆవడిలోని శిబిరంలో వైద్య పరీక్ష, టీకాలు అయ్యాక ఓడ ఎక్కించేవారు. రెండవ శిబిరం నాగపట్నంలో ఉండేది. 1926 నుంచి ఈ దారిలో తిరిగిన రజులా ఓడ పేరు మద్రాసు కుటుంబాల కాగితాలలో తరచు కనిపిస్తుంది. అందువల్ల మీ దగ్గర ఉన్నది ఓడ టిక్కెట్టు ఒక్కటే అయినా, దాని వెనుక కంగాణి లైసెన్సు, శిబిరపు ముద్ర, అవతలి రేవులోని క్వారంటీన్ చీటీ అనే మూడు కాగితాలు ఒకప్పుడు ఉండేవని ఊహించి పెట్టెలో వెదకండి. పర్సులలో, పంచాంగాలలో, దేవుడి పటాల వెనుక మడతపెట్టి దాచిన చీటీలు ఎన్నోసార్లు అవే.

తేదీ కూడా ఒక సాక్ష్యమే. 1910లో మలయాకు ఒప్పందపు కూలీ విధానం ఆగిపోయింది. 1922లో భారత వలస చట్టం వచ్చింది. 1938లో కూలి రేట్ల తగ్గింపు మీద వివాదం వచ్చి, ఖర్చు పెట్టి కూలీలను పంపే పద్ధతిని భారత ప్రభుత్వం నిషేధించింది. 1938 తరువాతి ప్రయాణపు కాగితమైతే, ఆయన సొంత ఖర్చుతో వెళ్ళి ఉండాలి, లేదా సెలవుకు వచ్చి తిరిగి వెళ్ళి ఉండాలి.

తోటలో రోజువారీ హాజరు వ్రాసే పుస్తకాన్ని చెక్‌రోల్ అంటారు. దాని పుట గాని, దాని నుంచి ఎత్తి వ్రాసిన జీతపు చీటీ గాని దొరికితే అంతకు మించిన కాగితం లేదు. పైన కంగాణి పేరు ఉంటుంది, ఎందుకంటే కూలీ పనికి వచ్చిన ప్రతి రోజుకూ తలకు ఇంత అని అతనికి ముట్టేది. కూలీల హాజరు మీద అతనికి ఎందుకంత పట్టుదలో ఆ ఒక్క సంగతి చెబుతుంది. రోజుకు ఒక గడి, పూర్తి రోజుకు ఒక గుర్తు, సగం రోజుకు మరో గుర్తు, చివర బియ్యం బాపతు, అడ్వాన్సు బాపతు కోతలు ఉంటాయి. గుర్తులు లేని రోజులను లెక్కపెట్టండి: జ్వరాలు, ప్రసవాలు, చావులు ఆ ఖాళీ గడులలో ఉన్నాయి. రబ్బరు తూకం కట్టీలలో ఉంటే ఒక కట్టీ సుమారు 605 గ్రాములు, 100 కట్టీలు ఒక పికుల్. స్త్రీలు కూడా పాలు గీసే పనిచేసేవారు గనుక వారి పేర్లు విడిగా ఉండవచ్చు. ఊరి దస్తావేజులలో ఫలానావారి భార్య అని మాత్రమే కనిపించే ముత్తవ్వకు తోట పుస్తకంలో తనదైన పేరు, తనదైన కూలి, పురుషుని కూలి కంటే తక్కువే అయినా, కనిపించడం చూసి నేను చాలాసేపు ఆ పుట దగ్గరే ఆగిపోయాను.

పేర్ల విషయంలో ఓర్పు కావాలి. గుమాస్తాలలో చాలామంది తెలుగు రానివారు. అప్పలస్వామి అప్పలసామి అయ్యాడు, సన్యాసి చన్నాసి అయ్యాడు, ఇంటిపేరు మాయమై తండ్రి పేరు ఆ స్థానంలోకి వచ్చింది. బర్మా కాగితాలలో తెలుగువారిని కోరింగీలని వ్రాశారు. మన గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది. ఇంగ్లీషు అక్షరాలలో మీ పెద్దల పేరు ఎన్ని విధాలుగా కనిపిస్తుందో ఒక పట్టీ వ్రాసుకుని, బయట వెదికేటప్పుడు అన్నింటితోనూ వెదకండి.

తేదీలు, లెక్కలు, దస్తూరి

తెలుగు ఉత్తరాలలో తేదీకి బదులు సంవత్సరం పేరు, మాసం, తిథి ఉంటాయి. వృష నామ సంవత్సరం 1941 ఉగాది నుంచి, చిత్రభాను 1942 నుంచి, స్వభాను 1943 నుంచి, తారణ 1944 నుంచి, పార్థివ 1945 నుంచి లెక్క. జపాను ఏలుబడిలోని మలయా కాగితాల మీద 2602, 2603 వంటి సంవత్సరాలు ఉంటే కంగారుపడవద్దు. అది జపాను రాజవంశపు శకం, అందులోంచి 660 తీసివేస్తే 1942, 1943 వస్తాయి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు; మలయా డాలరుకు 100 సెంట్లు. లెక్కను ఈనాటి విలువలోకి మార్చకండి. ఆనాటి బియ్యం ధర అదే కట్టలో ఎక్కడైనా ఉంటే దానితో పోల్చి చూడండి.

ఎత్తి వ్రాసేటప్పుడు తప్పులు దిద్దకండి. అరసున్నలు, బండి ఱలు, వలపలగిలకలు ఉన్నవి ఉన్నట్టే వ్రాసి, చదవలేని చోట చుక్కలు పెట్టండి. ఉత్తరం మొదట్లో "ఉభయ కుశలోపరి" వరకూ అందరూ ఒకేలా వ్రాస్తారు. సంగతి ఆ తరువాత మొదలవుతుంది, అసలు సంగతి తరచు అంచున నిలువుగా, చోటు చాలక ఇరికించిన రెండు వరుసలలో ఉంటుంది. ప్రోనోటు అయితే కింద నిశాని ఎవరిది, సాక్షులు ఎవరు, దస్తూరి ఎవరిది అన్న మూడు వరుసలు తప్పక చదవండి. అప్పు తీసుకున్నవానికి చదువు లేకపోయినా, అతని పక్కన నిలబడినవారు ఎవరో ఆ వరుసలు చెబుతాయి.

1942 నుంచి 1945 వరకూ ఉన్న ఖాళీ

మలయా, బర్మాల నుంచి వచ్చిన ఏ కట్టలోనైనా ఈ మూడు నాలుగేళ్ళ దగ్గర ఉత్తరాలు ఆగిపోవడం కనిపిస్తుంది. 1941 డిసెంబరు 8న జపాను సేన మలయా తీరంలోని కోటభారు వద్ద దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో ఆ నగరం జపాను వశమైంది. బర్మా నుంచి లక్షలాది భారతీయులు అరకాను వైపు నుంచి, తమూ మీదుగా మణిపురం వైపు నుంచి నడిచి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి గనుక, ఇంటి దగ్గరివారు కూడా ఊరు విడిచిన రోజులవి. నడిచివచ్చినవారి పెట్టెలలో కాగితాలు ఉండకపోవడమే సహజం. ఉన్నవాటిలో శరణార్థిగా నమోదైన చీటీ, పోయిన ఆస్తి జాబితా నకలు విలువైనవి.

మలయాలో ఉండిపోయినవారి సంగతి మరింత బరువైనది. సయాం (నేటి థాయ్‌లాండ్), బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుదారిని జపాను సైన్యం 1942-43లో యుద్ధఖైదీలతోను, ఆసియా కూలీలతోను వేయించింది. తోటల నుంచి తమిళులను, తెలుగువారిని వేలాదిగా తీసుకుపోయారు. చనిపోయిన యుద్ధఖైదీలకు పేర్లతో సమాధులు ఉన్నాయి, కూలీలకు లేవు. కనుక మీ పెద్దలలో ఒకరి పేరు 1942 తరువాత ఏ కాగితంలోనూ కనిపించకపోతే, ఆ లేకపోవడాన్నే తేదీతో సహా నమోదు చేయండి: ఫలానా నెల జీతపు చీటీలో ఉన్నారు, 1946 ఉత్తరంలో భార్య ఒక్కతే వ్రాయించింది, అని. ఊహను నిజంగా వ్రాయవద్దు, రైలుదారికి పోయారని ఇంట్లో అనుకునే మాటను "ఇంట్లో అనుకునే మాట" అనే వ్రాయండి.

పెట్టెలో ఎమ్ అక్షరంతో మొదలయ్యే వరుస ముద్రించిన డాలరు నోట్లు ఉంటే అవి మలయా కోసం, బి అక్షరంతో ఉన్న రూపాయి నోట్లు బర్మా కోసం జపాను ముద్రించినవి. అలాగే సుభాష్ చంద్రబోస్ నడిపిన ఆజాద్ హింద్ నిధికి ఇచ్చిన చందా రసీదు గాని, దళంలో చేరిన కాగితం గాని దొరికితే దాని పక్కన ఏముందో చూడండి. తోటల నుంచి ఎందరో యువకులు, ఝాన్సీరాణి దళంలో ఎందరో యువతులు చేరారు. ఒకే ఇంట్లో ఒక సోదరుడు బ్రిటిష్ సైన్యంలో, మరొక సోదరుడు ఆజాద్ హింద్ ఫౌజులో ఉండడం జరిగింది. ఆ రెండు కాగితాలనూ విడదీయకండి.

ఇంటి బయట వెదకవలసిన చోట్లు

ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్, ఒకనాటి మద్రాసు రికార్డు ఆఫీసు, 1909 నాటి భవనంలో ఉంది. 1953 అక్టోబరు వరకూ కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనివే గనుక, వలస, కార్మిక వ్యవహారాలపై ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వులను ఇక్కడ వెదకాలి. మనిషి పేరుతో అడిగితే ఏమీ దొరకదు. సంవత్సరం, జిల్లా, శాఖ, తోట పేరు పట్టుకుని అడగాలి. మలయాలోని భారత ప్రభుత్వ ఏజెంటు ఏటా ఇచ్చిన నివేదికలు, 1937లో శ్రీనివాసశాస్త్రిగారు మలయాలోని భారతీయ కూలీల స్థితిపై ఇచ్చిన నివేదిక, మీ చీటీలోని కూలి ఆనాటి లెక్కలో ఎక్కడ నిలుస్తుందో చూపుతాయి. సింగపూరు జాతీయ గ్రంథాలయం పాత పత్రికలను ఆన్‌లైన్‌లో ఉంచింది. అందులో తోట పేరుతో వెదికితే అమ్మకాలు, సమ్మెలు, ప్రమాదాలు తెలుస్తాయి. ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ వారి ఆన్‌లైన్ జాబితా అయిన అభిలేఖ్ పటల్‌లో కూడా వెదకండి.

సైనికుని సేవా వివరాల కోసం ఆయన దళపు రికార్డు ఆఫీసుకు సంఖ్య, హోదా, పేరు, చుట్టరికం చూపే ఆధారంతో ఉత్తరం వ్రాయాలి. మద్రాసు సాపర్స్ (ఇంజినీరింగు దళం), పయనీర్ కోర్ రికార్డులు బెంగళూరులో, మద్రాసు రెజిమెంటు రికార్డులు నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. దళం పేరు కచ్చితంగా తెలిస్తే, ఆ దళం ఏ రోజు ఎక్కడ ఉందో చెప్పే యుద్ధ దినచర్యలు లండనులోని క్యూ ప్రాంతంలో ఉన్న బ్రిటిష్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆగ్నేయాసియా రంగానివి డబ్ల్యూ.ఓ. 172 వరుసలో, మధ్యప్రాచ్యానివి డబ్ల్యూ.ఓ. 169 వరుసలో చూడాలి. తిరిగిరానివారి పేర్లు కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో వెదకండి. రంగూను స్మారకం మీద దాదాపు 27,000 పేర్లు, సింగపూరులోని క్రాంజి స్మారకం మీద 24,000కు పైగా పేర్లు ఉన్నాయి. నందంబాక్కంలోని మద్రాసు యుద్ధ శ్మశానవాటికలో 850కి పైగా సమాధులు ఉన్నాయి. పేరు దొరికినా దొరకకపోయినా అక్కడికి ఒకసారి వెళ్ళిరండి.

పెద్దలతో మాట్లాడేటప్పుడు అసలు కాగితం వారి చేతికి ఇవ్వకండి, పెద్ద అక్షరాలలో తీసిన నకలు ఇవ్వండి. "ఏం జరిగింది?" అని అడిగితే జవాబు రాదు, "ఈ ఫొటోలో ఈ గొడుగు ఎవరిది, అమ్మమ్మా?" అని అడిగితే వస్తుంది. ఫోనులో రికార్డు చేసేముందు అనుమతి తీసుకోండి. అప్పుల సంగతి, బర్మాలో ఉండిపోయిన మరో సంసారం సంగతి, కులం పేరుతో చేసిన అవమానం సంగతి బయటపడితే, వాటిని నోటుపుస్తకంలో వ్రాయండి గాని, బతికున్నవారి అనుమతి లేకుండా ఎవరికీ పంపకండి. వేలిముద్రలు, గుర్తింపు సంఖ్యలు ఉన్న నకళ్ళను వాట్సాప్ గుంపులలో పెట్టకపోవడం మేలు. మలేషియాలో ఉన్న బంధువులకు మాత్రం తోట కాగితాల నకళ్ళు తప్పక పంపండి. మా పెద్దతాతగారి మనుమరాలు తన దగ్గర ఉన్న 1948 నాటి గుర్తింపు కార్డు ఫొటోను తిరుగుటపాలో పంపింది, అందులోని పుట్టిన ఊరి పేరుతో మా ఓడ టిక్కెట్టు మీది చెరిగిన అక్షరాలు పూర్తయ్యాయి.

పని ముగిశాక, ఏ కట్టలో ఏముందో, ఏ వరుసలో ఉందో, నకళ్ళు ఎవరి దగ్గర ఉన్నాయో ఒక తెల్ల కాగితం మీద తెలుగులోను, మీ పిల్లలు చదివే భాషలోను వ్రాసి, తేదీ వేసి, పెట్టెలో అన్నింటికంటే పైన పెట్టండి. ఐప్పసి అనే తమిళ మాసపు వానలు, కార్తీక వానలు వెలిసి సంక్రాంతి వచ్చేలోగా ఏటా ఒకసారి మూత తీసి, పురుగు, బూజు పట్టాయేమో చూసి, ఆ కాగితం మీద ఆ రోజు తేదీ కూడా చేర్చండి.